బతుకు కథలో వాటా

(జగదల్పూర్‌లో జరిగిన తెలుగు సాహిత్య సభలో అధ్యక్షోపన్యాసం)

 

సొంత అనుభవాన్ని కథగా మలచడం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మాట్లాడతాను. దానితోపాటు, ఆ కథ మీద వచ్చే డబ్బు గురించి కూడా మాట్లాడతాను. సాహిత్య సభల్లో డబ్బు ప్రస్తావన వస్తే మనవాళ్ళు కాస్త ఇబ్బంది పడతారు. సరస్వతిని అమ్ముకోవడం అంటారు. కానీ మన ఊళ్ళలో బుడిగ జంగాలకూ, ఒగ్గువారికీ, కథ చెప్పి బతికే ఎందరికో కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చినవాళ్ళు మన తాతలే. కథ చెప్పడం పని అనీ, పనికి ప్రతిఫలం ఉండాలనీ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అచ్చు వచ్చాకే మనకు ఈ మొహమాటం పట్టుకుంది.

బస్తర్‌లో నిలబడి ఈ విషయం మాట్లాడేటప్పుడు చెంద్రూ పేరు తలవకుండా ముందుకు పోలేను. నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్ అనే మురియా ఆదివాసీల గ్రామం ఉంది. 1950లలో స్వీడన్ నుంచి ఆర్నే సుక్స్‌డార్ఫ్ అనే దర్శకుడు అక్కడికి వచ్చాడు. అప్పటికే ఆయన స్టాక్‌హోమ్ నగరం మీద తీసిన చిన్న చిత్రానికి ఆస్కార్ అందుకున్నవాడు. గఢ్‌బెంగాల్‌లో ఆయన కంట పడినవాడు చెంద్రూ మండావీ, పదేళ్ళ వయసు పిల్లవాడు. ఆ పిల్లవాడి చుట్టూ, అతని ఊరి చుట్టూ, అడవి చుట్టూ అల్లిన సినిమా 1957లో విడుదలైంది. ఇంగ్లీషులో దాని పేరు 'ది ఫ్లూట్ అండ్ ది యారో'. సంగీతం పండిట్ రవిశంకర్‌ది. 1958లో కాన్ చిత్రోత్సవానికి వెళ్ళింది. దర్శకుడి భార్య ఆస్ట్రిడ్ తీసిన ఫొటోలతో చెంద్రూ, పులిపిల్లల స్నేహం మీద పుస్తకం వచ్చింది. అది ఇంగ్లీషులోకి కూడా వెళ్ళి, బస్తర్ ఎక్కడుందో తెలియని పిల్లల చేతుల్లోకి చేరింది. చెంద్రూను స్వీడన్ తీసుకెళ్ళారు. కొంతకాలం అక్కడ ఉండి తిరిగి వచ్చాడు.

తిరిగి వచ్చి తన ఊళ్ళో తన బతుకు తాను బతికాడు, పేదరికంలోనే. దశాబ్దాల పాటు విలేకరులు, ఫొటోగ్రాఫర్లు, పరిశోధకులు ఆయన ఇంటికి వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక కథ పట్టుకెళ్ళారు. 'టైగర్ బాయ్' అన్న శీర్షిక పెట్టి ఎన్ని వ్యాసాలు వచ్చాయో! 2013 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. ఆ వారం మళ్ళీ వ్యాసాలు వచ్చాయి. ఇప్పుడు నయా రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో ఆయన విగ్రహం ఉంది.

సుక్స్‌డార్ఫ్ దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆయన కళాకారుడు, ఆ సినిమాలో అడవి మీద ప్రేమ కనిపిస్తుంది. నా బాధ వేరు. ఆ సినిమా విడుదలైన 1957లోనే మన పార్లమెంటు కాపీరైట్ చట్టం చేసింది. కెమెరా వెనక ఉన్నవాడికి, పుస్తకం రాసినవాడికి, పాట కట్టినవాడికి అందులో హక్కులున్నాయి. కెమెరా ముందు నిలబడి తన బతుకును చూపించినవాడికి చోటు లేదు. నటులకూ, గాయకులకూ ప్రదర్శకులుగా హక్కులంటూ మన చట్టంలోకి వచ్చింది 1994లో. అప్పటికి చెంద్రూ యాభై దాటుతున్న మనిషి. ఆ హక్కు మాత్రం వెనక్కి వెళ్ళి ఎవరికి న్యాయం చేస్తుంది? ఒక మనిషి బతుకు మొత్తం కథావస్తువై, ఆ కథకు విలువ కట్టినప్పుడు మాత్రం ఆ మనిషి లెక్కలో లేకుండా పోవడం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మనం లండన్ దాకా పోనక్కర్లేదు, గఢ్‌బెంగాల్ చాలు.

ఇదే గడ్డ మీద మరో దారి కూడా ఉంది. 1933లో ఈ జగదల్పూర్‌లోనే పుట్టిన గుల్‌షేర్ ఖాన్ శానీ హిందీ పాఠకులందరికీ తెలుసు. మనవాళ్ళకు ఇంకా తెలియాలి. 1965లో ఆయన నవల 'కాలా జల్' వచ్చింది. ఈ ఊరి ముస్లిం కుటుంబాలు, వాళ్ళ ఇళ్ళలోని చీకటి, అప్పులు, ఆడవాళ్ళ మౌనం, అన్నీ ఆయన కళ్ళతో చూసినవే. అమెరికా నుంచి ఎడ్వర్డ్ జే అనే మానవశాస్త్రవేత్త అబూఝ్‌మాడ్‌లో పరిశోధనకు వచ్చినప్పుడు శానీ ఆయనతో కలిసి అడవిలోకి వెళ్ళాడు. జే తన గ్రంథం తాను రాసుకున్నాడు. శానీ సహాయకుడిగా మిగిలిపోలేదు, తాను చూసింది తాను 'శాల్‌వనోం కా ద్వీప్' అని రాశాడు. ఒకే అడవి నుంచి రెండు పుస్తకాలు వచ్చాయి, రెండింటికీ ఇద్దరు సొంతదారులు. శానీ 1995లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళ దాకా హక్కు వారసులది. అంటే 2055 చివరి వరకు ఆయన రచనలను ఎవరు అచ్చువేయాలన్నా ఆ హక్కుదారుల అనుమతి కావాలి. చెంద్రూకూ శానీకీ మధ్య తేడా ప్రతిభలో లేదు, అనుభవంలో అసలే లేదు. ఒకరు రాశారు, ఒకరి గురించి రాశారు.

ఇక తెలుగు సంగతి. సొంత బతుకును కథ చేసి పాఠకుడి చేత జేబులో చెయ్యి పెట్టించినవాళ్ళు మనకు కొదవలేదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు చిన్నప్పటి లేమినీ, అప్పులనూ నవ్వుగా మార్చి ఋణానందలహరి రాశారు. పెద్దవయసులో ఆత్మకథను 'కోతి కొమ్మచ్చి'గా స్వాతి వారపత్రికలో చెప్పుకుంటూ పోతే జనం వారం వారం ఎదురుచూశారు. నామిని తన ఊరినీ, తల్లినీ, పశువులనూ చిత్తూరు జిల్లా మాటల్లోనే రాశారు. తన పుస్తకాలు తానే అచ్చువేసుకుని తానే అమ్మారు. రచయిత పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తిరగడమేమిటని నొసలు చిట్లించినవాళ్ళకు ఆ పుస్తకాలే జవాబు చెప్పాయి.

వీళ్ళలో నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది సోమరాజు సుశీల గారి గురించి. ఆమె రసాయనశాస్త్రం చదివి హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమ నడిపారు. ఆ అనుభవాలే 'చిన్న పరిశ్రమలు - పెద్ద కథలు' అయ్యాయి. ఆ కథల నుంచి నేను నేర్చుకున్నది ఇదీ: పాఠకుడు మన కష్టానికి డబ్బు ఇవ్వడు. కష్టం ఆయన ఇంట్లోనూ ఉంది. మన కష్టం లోపల ఆయనకు తెలియని ఒక పని, ఒక లోకం, ఒక లెక్క ఉంటుంది చూడండి, దానికి ఇస్తాడు. మనిషి ఏడ్చాడని రాస్తే జాలిపడి పేజీ తిప్పేస్తాడు. ఆ రోజు కూలి ఎవరు ఎలా లెక్కపెట్టారో రాస్తే ఆగి చదువుతాడు.

ఈ దృష్టితో మన ఇళ్ళలోకి చూసుకుందాం. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా కేకే లైను వేసినప్పుడు సొరంగాల్లో పనిచేసిన మన తెలుగువాళ్ళ పిల్లలు, మనవలు ఈ హాల్లో ఉన్నారు. బైలాడిలా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరి జపాన్ ఓడలెక్కిన కాలాన్ని మీ నాన్నలు గనిలో షిఫ్టుల లెక్కన గడిపారు. ఆ గని క్వార్టర్లలో తెలుగు, హిందీ, ఒడియా కలగలిసిన పిల్లల మాట ఎలా ఉండేది? ఎండాకాలం తునికాకు కోతలో యాభై ఆకులకు ఒక కట్ట కట్టి ఆకు కొనే కేంద్రానికి, అంటే ఫడ్ మీదికి మోసుకెళ్తే, కట్టలు తీసుకునేవాడు వేటిని వద్దని పక్కన పడేస్తాడో, ఎందుకు పడేస్తాడో తెలిసిన ఆడవాళ్ళు బస్తర్ దక్షిణాన కుంట ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడి నుంచి భద్రాచలం వైపూ, గోదావరి దాటి ఖమ్మం వైపూ మిరపకోతకు వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. చేతులు మండుతుంటే రాత్రి ఏం రాసుకుంటారు, పసిపిల్లను ఏ చేత్తో ఎత్తుకుంటారు? ఇది వాళ్ళు మాత్రమే చెప్పగలిగిన సంగతి. ఇదంతా ఎవరో వచ్చి రాసేదాకా ఆగితే మళ్ళీ చెంద్రూ కథే అవుతుంది.

రాయడం ఒక సగం. రాసినదాన్ని ఎవరి చేతుల్లో పెడుతున్నామో చూసుకోవడం రెండో సగం. ఇక్కడ మనవాళ్ళు చాలా నష్టపోతున్నారు కనుక కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. చట్టం కాపాడేది మీ బతుకులోని సంఘటనలను కాదు, వాటిని మీరు చెప్పిన తీరును. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా తీశారని కోర్టుకెళ్తే, వస్తువు మీద, ఆలోచన మీద కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. కాబట్టి ఒక నిర్మాతకు ఫోన్లో కథంతా చెప్పేసి, తర్వాత అది తెర మీద కనిపిస్తే గుండెలు బాదుకుని లాభం లేదు. ముందు రాయండి. తేదీ వేయండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని అప్పుడు చెప్పండి.

హక్కు బదిలీ చెయ్యాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్ళే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. అందుకే 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో' అని ముందే అచ్చువేసి తెస్తారు. ఆ మూడు మాటలు కనిపించగానే కలం కింద పెట్టండి. అచ్చు హక్కు వేరు, ఆడియో హక్కు వేరు, సినిమా హక్కు వేరు, అనువాద హక్కు వేరు. అచ్చుకు ఇచ్చినంత మాత్రాన మిగతావి వెంట పోనక్కర్లేదు. సినిమాలో భాగమైన రచన థియేటర్లో కాక మరో చోట వాడుకున్నప్పుడు రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉండాలని 2012 సవరణ చెబుతోంది, దాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. ఇప్పుడు ఫోన్లలో కథలు చదివించే, వినిపించే కంపెనీలు వచ్చాయి. తెలుగులో కొత్తవాళ్ళకు అవి మంచి అవకాశమే. అక్కడ కూడా 'అంగీకరిస్తున్నాను' అన్న మీట నొక్కేముందు ఎదురుగా ఉన్నది చదవండి.

ఇంతవరకు మన బతుకు గురించి. పక్కవాళ్ళ బతుకు రాసేటప్పుడు మన చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయి? ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పిన మాట ఇది: బహిరంగ రికార్డుల్లో ఉన్నదాన్ని ఎవరైనా రాసుకోవచ్చు, అది దాటి ఒక మనిషి సొంత సంగతుల్లోకి పోవాలంటే ఆ మనిషి సమ్మతి ఉండాలి. బస్తర్‌లో సమ్మతికి బరువు ఇంకా ఎక్కువ. ఇక్కడ ఒక పేరు, ఒక ఊరు అచ్చులో పడితే ఆ మనిషి ఇంటి తలుపు ఎవరు తడతారో చెప్పలేం. కథ బాగా వచ్చిందని ఆ ప్రమాదాన్ని వాళ్ళ నెత్తిన పెట్టే హక్కు మనకు లేదు.

మంచి దారులు వేసినవాళ్ళు ఉన్నారు. గుర్‌గావ్‌లో ఇళ్ళలో పనిచేసే బేబీ హాల్దార్ చేతికి ఆ ఇంటి యజమాని, మానవశాస్త్రం బోధించిన ప్రబోధ్ కుమార్, నోటుపుస్తకమూ కలమూ ఇచ్చారు. ఆమె బెంగాలీలో రాసింది. ఆయన దాన్ని హిందీ చేశారు. 2002లో అచ్చయిన ఆ పుస్తకం మీద పేరు ఆమెది, తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్ళినప్పుడూ ఆమెదే. కేరళలో నళినీ జమీలా చెప్పగా మరొకరు రాసిన ఆత్మకథ 2005లో వచ్చింది. అందులో తన గొంతు లేదని ఆమెకు అనిపించింది. వెంటనే తనకు నచ్చినట్టు మళ్ళీ తెచ్చింది. మన తెలుగులో 'మనకు తెలియని మన చరిత్ర' కోసం స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను ఆ స్త్రీల మాటలుగానే అచ్చువేశారు.

మన పక్కనే కొండగావ్‌లో హరిహర్ వైష్ణవ్ గారు ఉండేవారు. ధన్‌కుల్ వాద్యం మీద గురుమాయిలు అనే గాయనులు హల్బీలో పాడే లఛ్మీ జగార్ అనే గాథను కూర్చుని విని, మాట మాట రాసి, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి పుస్తకం చేశారు. అట్ట మీద పాడిన గురుమాయి సుక్‌దయి పేరు ఉంది. అది ఆమె చెప్పిన కథ అని శీర్షికే చెబుతుంది. పండితుడు వెనక నిలబడి, పాడినామెను ముందు నిలబెట్టాడు. బస్తర్‌లో పుట్టిన ఈ పద్ధతి మనకు చాలు.

అందుకని సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సంకలనాల కోసం ఎవరి బతుకునైనా సేకరించినప్పుడు ఒక ఒప్పంద పత్రం ఉండాలి, తెలుగులో, హల్బీలో, గోండీలో. చదవలేనివారికి వారి భాషలో, వారు నమ్మే మనిషి ఎదుట చదివి వినిపించాలి. పేరు పెట్టాలా మార్చాలా అన్నది చెప్పినవారి ఇష్టం. పుస్తకం మీద వచ్చే రాయల్టీలో సగం చెప్పినవారిది, సగం రాసినవారిది. సినిమాకో, వెబ్ సిరీస్‌కో పోతే ఇద్దరి సంతకమూ కావాలి. సగం ఎక్కువ అని కొందరికి అనిపించవచ్చు. ఎక్కువని నేను అనుకోవడం లేదు. అభ్యంతరం ఉన్నవారు మధ్యాహ్నం చర్చలో లేచి చెప్పండి, వాదించుకుందాం. పత్రం చిత్తుప్రతి తెలుగులో సిద్ధంగా ఉంది, వేదిక దగ్గర బల్ల మీద పెట్టించాను. దాన్ని హల్బీ, గోండీ చేసిపెట్టే బాధ్యత తీసుకోమని ఈ సభలో ఉన్న ఆ భాషల రచయితలను కోరుతున్నాను. వారు చేసే ఆ పనికి కూడా పారితోషికం ఇవ్వాలని నిర్వాహకులను ఇప్పుడే, ఈ మైకులోనే అడుగుతున్నాను.