మూత్ర పరీక్ష కాగితమును చదువు విధము
(అబ్దుల్లాపూర్‌మెట్ మండల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

సభ్యులారా,

గ్రామములో వైద్య శిబిరము జరిగిన మరునాడు ప్రజలు పరీక్ష కాగితములు చేతబట్టుకొని మొదట వచ్చునది మీ వద్దకే. "మూత్రములో ప్రోటీను: ఒక ప్లస్" అని యున్నచో కిడ్నీలు చెడిపోయినవని ఇంటిల్లిపాదియు దిగులు పడుదురు. "నిల్" అని యున్నచో ఇక భయము లేదని ఆసుపత్రి మాట మరతురు. ఈ రెండును పొరపాటులే. మేము వైద్యులము కాము, ప్రచార శాఖ వారము. వైద్యులు చెప్పు విషయమును మీకు తేటగా విన్నవించుట మా విధి.

మూత్రపిండములు రక్తమును వడగట్టు జల్లెడల వంటివి. రక్తములోని అల్బుమిన్ అను ప్రోటీను ఆ జల్లెడను దాటి రారాదు. వచ్చినచో మూత్రమున ముంచిన పసుపు రంగు పట్టీ ఆకుపచ్చకు తిరుగును. అయితే చెంబెడు నీటిలో వేసిన చిటికెడు ఉప్పు నాలుకకు తెలియును. బిందెడు నీటిలో వేసినచో తెలియదు. ఉప్పు మాత్రము అంతయే. పట్టీ సంగతియు ఇట్టిదే. ఎండలో పనిచేసి నీరు త్రాగని కూలీ మూత్రము చిక్కబడి, లేని దోషము కనబడవచ్చును. చెంబులకొలది నీరు త్రాగి వచ్చిన వానికి ఉన్న దోషము మరుగుపడవచ్చును.

జ్వరము, కఠిన శ్రమ, మూత్రములో చీము, స్త్రీల బహిష్టు రక్తము, పాత్రలో మిగిలిన క్రిమిసంహారక మందు – ఇవియు ప్లస్ చూపగలవు. ఎదుగు వయస్సు పిల్లలలో కొందరికి పగలు ప్రోటీను కనబడి, పరుండి లేచిన తొలి మూత్రమున కనబడదు. దానివలన భయము లేదు. కావున ప్లస్ వచ్చిన వారికి ఉదయపు తొలి మూత్రముతో మరల పరీక్ష చేయింపవలెను. మూడు నెలలు దాటియు దోషము నిలిచియున్నప్పుడే దీర్ఘవ్యాధి యని వైద్యులు తలంతురు.

ఇక "నిల్" మాట. మధుమేహ రోగికి తొలి దశలో పోవు కొద్దిపాటి అల్బుమిన్ సాధారణ పట్టీకి అందదు. వారికి ఏటేట అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష అవసరము. గ్రాము క్రియాటినినుకు 30 మిల్లీగ్రాముల అల్బుమిన్ చేరినచో అది హెచ్చరిక.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానము మనకు గొప్ప పాఠము. కవిటి, సోంపేట, కంచిలి మున్నగు మండలములలో మధుమేహము లేని రైతులు, కూలీలు సైతము మూత్రపిండ వ్యాధి పాలైరి. కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. ఇట్టి వ్యాధిలో ప్రోటీను బహు స్వల్పముగా నుండుట, ఒక్కొక్కప్పుడు కనబడకుండుట కలదు. పట్టీని మాత్రమే నమ్మినచో రోగి చేజారును. రక్తములో క్రియాటినిన్ కూడ చూడవలెను. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. మన రాష్ట్రమున 2018లో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో సేకరించిన నమూనాలకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి.

"మరల చూతము" అని ఆగరాని సందర్భము ఒకటి కలదు. 20 వారములు దాటిన గర్భిణికి రక్తపోటు 140/90 లేక అంతకు మించి యున్నచో, ప్లస్ ఉన్నను లేకున్నను, ఆ దినమే ఆసుపత్రికి చేర్పవలెను. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పైకడుపు నొప్పి తోడైనచో గంట సేపైనను జాగు పనికిరాదు. ఇచట రెండు ప్రాణములు మన చేతిలో నున్నవి.

సభ్యులారా, మీరు చేయదగిన పనులు కష్టమైనవి కావు. శిబిరమునకు ముందు దినమే దండోరా వేయించి, ఉదయపు తొలి మూత్రమును శుభ్రమైన పాత్రలో తెమ్మని చెప్పింపుడు. మొదటి ధార విడిచి నడిమి ధార పట్టవలెను. ప్రతి కాగితముపై రక్తపోటు కూడ వ్రాయింపుడు. ప్లస్ వచ్చినవారు మరల పరీక్షకు పోయిరో లేదో ఆశా కార్యకర్త ద్వారా కనుగొనుడు. వారి పేర్లను చావడిలో బిగ్గరగా చదువకుడు. ఒక తప్పు ప్లస్ ఒక పిల్ల పెండ్లి చెడగొట్టగలదు. భయపడిన వారు ఒంటినొప్పి మాత్రలు, పసరు మందులు మ్రింగకుండ చూడుడు. వానిలో కొన్ని మూత్రపిండములకే హాని చేయును.

కాగితముపై గుర్తు రోగమును నిర్ణయింపదు. అది వైద్యుని యొద్దకు దారి చూపు గుర్తు మాత్రమే. ఆ దారిని మీ గ్రామస్థులను నడిపించు బాధ్యత మీది.