బోధనా యంత్రాలు – ఉపాధ్యాయుని నాయకత్వం

(జాతీయ విద్యా సదస్సులో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



తరగతి గదిలోకి యంత్రం రావచ్చునా, రాకూడదా అని తర్కించే కాలం గడచిపోయింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడు ఉన్నది. అనేక పాఠశాలల్లో గోడమీద తెర ఉన్నది. ఉపాధ్యాయుని చేతిలో ఫోను ఉన్నది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఈ సాధనాలు ఎవరి నిర్ణయానుసారం పనిచేయాలి? పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పే ఉపాధ్యాయుని నిర్ణయానుసారమా, ఆ పిల్లలను ఎన్నడూ చూడని కార్యాలయాల, కంపెనీల నిర్ణయానుసారమా? సమాఖ్య వైఖరిని ఈ ప్రశ్నకు పరిమితం చేసి మీ ముందుంచుతున్నాము.

ఈ ప్రశ్నకు మన దేశంలో అర్ధ శతాబ్దపు చరిత్ర ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా అంతరిక్ష సంస్థనుండి ఎరవు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందాయి. ‘సైట్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగమది. ఇనుప తీగల వలతో తయారుచేసిన, పది అడుగుల గొడుగువంటి ఆంటెన్నా. దాని పక్కన ఊరుమ్మడి టెలివిజన్ పెట్టె. ఉదయం గంటన్నర సేపు బడిపిల్లల కార్యక్రమాలు, సాయంత్రం పెద్దల కార్యక్రమాలు. తెలుగులో కూడా పాఠాలు వచ్చాయి.

ఆ ప్రయోగాన్ని తలచుకునేవారు సాధారణంగా ఉపగ్రహాన్ని గురించే మాట్లాడతారు. మనము గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. 1975 అక్టోబరులో, పన్నెండు రోజులపాటు, సుమారు 24,000 మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో ఆ ప్రసారాల సాయంతోనే శిక్షణ ఇచ్చారు. మరుసటి సంవత్సరం మరొక విడత జరిగింది. టెలివిజన్ పాఠం ఒక్కటే అయితే అది సినిమా చూసినట్లు చూసి మరచిపోయే వ్యవహారం. అక్కడ తెరమీది పాఠంతోపాటు రేడియో ప్రసంగం, అచ్చువేసిన పాఠ్యసామగ్రి, స్వయంగా చేసి చూడవలసిన ప్రయోగాలు, చర్చ నడిపేందుకు శిక్షణా కేంద్రంలో ఒక మార్గదర్శి, ఇవన్నీ కలసి ఉన్నాయి. ఒప్పందం గడువు తీరగానే ఉపగ్రహం మన ఆకాశాన్ని విడిచి వెళ్ళిపోయింది. నేర్చుకున్న ప్రయోగాన్ని తన బడిలో చేసి చూపించగల ఉపాధ్యాయునికి మాత్రం ఉపగ్రహం అవసరం తీరిపోయింది.

1984లో ‘క్లాస్’ పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి. బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో యంత్రాలవి. గదికి తాళం, యంత్రానికి దుప్పటి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుని బల్లసొరుగులో: ఆ తరువాత వచ్చిన ఎన్నో పథకాల్లోనూ ఇదే దృశ్యాన్ని మనలో చాలామంది చూశారు. యంత్రాల కొనుగోలుకు టెండర్లు పిలిచిన శ్రద్ధలో పదోవంతు ఉపాధ్యాయుల శిక్షణపై చూపి ఉంటే ఆ తాళాలు ఏనాడో తెరచుకునేవి.

కేరళ అనుభవాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 2001లో అక్కడ ‘ఐటీ ఎట్ స్కూల్’ కార్యక్రమం ఆరంభమైనప్పుడు పాఠ్యాంశమంతా ఒకానొక బహుళజాతి కంపెనీ సాఫ్ట్‌వేరు చుట్టూ అల్లబడి ఉండినది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివే లక్షలాది పిల్లలకు ఒక కంపెనీ సరుకును అలవాటు చేయడం విద్య ఎట్లా అవుతుందని అక్కడి ఉపాధ్యాయ సంఘం నిలదీసింది. ఆ సంఘం కంప్యూటరును వ్యతిరేకించలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, విప్పి చూడగల, తమ భాషకు తగినట్లు మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పెట్టమని కోరింది. ఉద్యమం ఫలించింది. కొద్ది సంవత్సరాల్లోనే పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారాయి. పదవతరగతి ప్రాయోగిక పరీక్ష సైతం దానిపైనే జరుగసాగింది.

ఆ మార్పును నడిపినవారు ఎవరు? బడి ఉపాధ్యాయులే. వారినుండే శిక్షకులను ఎంపిక చేశారు. గణిత ఉపాధ్యాయుడు గణిత ఉపాధ్యాయులకు, మలయాళ పండితుడు మలయాళ పండితులకు నేర్పారు. ఏ పాఠానికి తెర అవసరం, ఏ పాఠానికి నల్లబల్లే మేలు అన్న సంగతి యంత్రాలు అమ్మవచ్చిన ప్రతినిధికి తెలియదు. ముప్ఫై ఏళ్ళు భిన్నాలు బోధించినవానికి తెలుస్తుంది. 2017లో ఆ కార్యక్రమం ‘కైట్’ అన్న ప్రభుత్వ సంస్థగా రూపొందినది. మిగిలిన రాష్ట్రాల ప్రభుత్వాలు అక్కడినుండి తెరలను, పరికరాలను చూసి వస్తున్నాయి. ఉపాధ్యాయులకు అక్కడ లభించిన స్థానాన్ని చూసి రావడం లేదు.

కరోనా కాలాన్ని మీకు గుర్తుచేయనక్కరలేదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళద్వారా పాఠాలు మొదలైనప్పుడు, ఏ ఇంట టీవీ లేదో, ఏ పిల్లవాడు పొలానికి పోతున్నాడో, ఏ అమ్మాయికి పెళ్ళి తలపెట్టారో కనుక్కోవడానికి వాడవాడకూ తిరిగినవారు ఉపాధ్యాయులు. 2017–18 జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4 మాత్రమే. ఈ అంతరాన్ని ప్రసార కేంద్రం పూడ్చజాలదు. ఇంటి గడప ఎక్కిన మనిషి కొంతవరకు పూడ్చగలిగాడు.

ఈనాటి పరిస్థితి ఎట్లున్నది? కేంద్ర విద్యాశాఖ సేకరించిన 2023–24 యూడైస్ వివరాల ప్రకారం దేశంలో ఇంటర్నెట్టు ఉన్న పాఠశాలలు 53.9 శాతం. అదే సంవత్సరం ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. ఒక్క ఉపాధ్యాయుడు అయిదు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టుకున్న చోట యంత్రం నిజంగా ఉపకరిస్తుంది. మూడవ తరగతి పిల్లలు రికార్డు చేసిన కథ వింటూ ఉంటే ఒకటవ తరగతివారికి అక్షరాలు దిద్దించవచ్చును. హోసూరు, బరంపురం వంటి చోట్ల తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు పాఠ్యపుస్తకం కొరత ఏర్పడితే ఫోను తెరమీది ప్రతి ఆదుకుంటుంది. అయితే యంత్రాన్ని చూపి రెండవ ఉపాధ్యాయుని పోస్టును ఎగవేస్తే దానిని సాంకేతిక ప్రగతి అని మేము పిలువజాలము.

ఇక, ఆ ఏకోపాధ్యాయుని ఫోనులో నేడు జరుగుతున్నదేమిటి? హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనం మరొక యాప్‌లో, మరుగుదొడ్ల ఫొటోలు ఇంకొక యాప్‌లో. సిగ్నల్ కోసం బడి మేడపైకి, మేడ లేనిచోట చెట్టుకిందికి. ఫోను ఆయనది, రీఛార్జి ఆయనది, ఆలస్యమైతే సంజాయిషీ నోటీసు కూడా ఆయనకే! జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను విధించింది. ప్రతి పూటా లెక్కలు ఎక్కించడం ఏ మినహాయింపు కిందికి వస్తుందో అధికారులు చెప్పాలి.

కొందరు మిత్రులు యాప్‌లన్నింటినీ బహిష్కరించాలని ప్రతిపాదించారు. వారి ఆగ్రహం న్యాయమైనదే. కాని బోధనకు పనికివచ్చే సాధనాన్నీ, నిఘాకు పనికివచ్చే సాధనాన్నీ ఒకే గాటన కట్టివేస్తే తల్లిదండ్రుల ఎదుట మన వాదం నిలువదు. రెంటినీ విడదీసి చూపవలసిన బాధ్యత మనదే.

ఇందుకు మనకు అంతర్జాతీయంగా ఆధారమున్నది. ఉపాధ్యాయుల స్థాయిని గురించి 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ వెలువరించిన సిఫారసు, బోధనా సామగ్రి ఎంపికలో ఉపాధ్యాయులకు ముఖ్యపాత్ర ఉండాలనీ, పాఠ్యక్రమాలు, పుస్తకాలు, బోధనోపకరణాల రూపకల్పనలో ఉపాధ్యాయ సంఘాలు పాల్గొనాలనీ స్పష్టంగా చెప్పింది. విద్యలో సాంకేతికత ఎవరి షరతులపై అన్న ప్రశ్ననే శీర్షికగా 2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక వెలువడింది. కృత్రిమ మేధ పేరిట రేపు రాబోయే ఒప్పందాలకు కూడా ఇవే ప్రమాణాలు వర్తించాలి.

కావున సమాఖ్య కోరుతున్నది ఇది. ఏ పరికరం, ఏ యాప్ కొనుగోలైనా ఉపాధ్యాయ ప్రతినిధులున్న సంఘం పరిశీలించి, కొన్ని బడులలో ఒక విద్యాసంవత్సరం వాడి చూచిన పిమ్మటనే జరగాలి. శిక్షణ పనిదినాలలో, ఉపాధ్యాయులే శిక్షకులుగా, మాతృభాషలో జరగాలి. ప్రభుత్వ పనికి ప్రభుత్వమే ఫోను, డేటా ఇవ్వాలి. ఉపాధ్యాయుడు తయారుచేసిన పాఠంపై ఆయన పేరుండాలి. లెక్కలు ఎక్కించే పనికి ప్రతి పాఠశాల సముదాయానికి ఒక గుమాస్తాను నియమించాలి.

ఈ కోర్కెలను కేంద్ర విద్యాశాఖకు సమర్పించేలోపు వాస్తవాలు మన చేతిలో ఉండాలి. ఒక వారం రోజులపాటు ఏ యాప్‌పై ఎన్ని నిమిషాలు గడిచాయి, అందులో బోధనకు ఉపకరించినవెన్ని అన్నది ప్రతి మండల శాఖ కనీసం పది పాఠశాలలనుండి రాతపూర్వకంగా సేకరించాలి. నమూనా పత్రాలు ఈ మధ్యాహ్నం రాష్ట్ర కార్యదర్శులకు అందజేస్తాము. ఏకోపాధ్యాయ పాఠశాలల వివరాలను మాత్రం విడిగా పంపవలసిందిగా కోరుతున్నాము.