అల్లుడి జీతం, అమెరికా లెక్క



తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో గంట ప్రయాణం. ఆ గంటలో కుదిరిన సంబంధాలు, తెగిన సంబంధాలు ఎన్నో ఆ చెక్కబల్లలకే తెలియాలి. మొన్న మాఘమాసంలో నాకు బాగా పరిచయమున్న ఒకావిడ ఆ బండిలో నా పక్కన కూర్చుని, చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. వాళ్ళ పెద్దమ్మాయికి పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. పిల్ల బాపట్లలో లెక్చరరు. అల్లుడు అమెరికాలో ఉన్నాడు. వియ్యంకుడుగారు పూర్వం అక్కడే ఉద్యోగం చేసి, రిటైరయి, రేపల్లె వచ్చి పొలం చూసుకుంటున్నారు. అబ్బాయి అక్కడే పుట్టాడు కనుక ఆ దేశపు పౌరుడే.

"ఏమిటమ్మా సంగతి?" అన్నాను.

"ఏం చెప్పమంటావక్కయ్యా! కోడల్ని పిలిపించుకోవాలంటే అక్కడి ప్రభుత్వానికి డబ్బు చూపించాలిట. అబ్బాయి ఖాతాలో ఇరవై లక్షలు వెయ్యమంటున్నారు వియ్యంకుడుగారు. కట్నం కాదు, ఊరికే చూపించడానికేనట. పెళ్ళికి పోగా మాకు మిగిలింది ఆ అరెకరమే. మీ తమ్ముడుగారు బేరం పెట్టేశారు" అంది.

నేను వెంటనే ఏమీ అనలేదు. చూపించడానికి ఇచ్చిన డబ్బు తిరిగివచ్చిన దాఖలా మన ఇళ్ళల్లో ఎంతమందికి ఉంది చెప్పండి? కాని తెలియకుండా అవతలివాళ్ళను నిందించడం కూడా పద్ధతి కాదు. ఇంటికి వచ్చి మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకుని, ఆ ప్రభుత్వంవారి ఫారమూ దాని సూచనలూ చదివించుకున్నాను. నా మెట్రిక్యులేషన్ ఇంగ్లీషుకే చాలాభాగం అందింది. అంచేత ఎవరికైనా అందుతుంది.

భార్యను శాశ్వత నివాసానికి పిలిపించుకునే భర్త ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం పెట్టాలి. 1996లో అమెరికావారు చేసిన చట్టం ప్రకారం 1997 డిసెంబరు 19 నుంచి ఇది అమలులో ఉంది. వాళ్ళు మొట్టమొదట చూసేది బ్యాంకు నిల్వ కాదు, ఆదాయం. ఇంత కుటుంబానికి ఇంతకంటె తక్కువ వస్తే పేదరికం అని ఆ దేశం ఏటేటా ఒక అంకె ప్రకటిస్తుంది. భర్త ఆదాయం దానికి నూటికి నూట ఇరవై అయిదు వంతులుండాలి. 2025 లెక్కలో ఇద్దరున్న కుటుంబానికి ఆ అంకె 21,150 డాలర్లు. అంటే సుమారు 26,437 డాలర్ల ఆదాయం చూపాలి. అతని మీద ఆధారపడినవాళ్ళు, ఇదివరకు ఇలాగే సంతకం పెట్టి పిలిపించుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళనూ కుటుంబంలో కలుపుతారు. అంకె ఏటా మారుతుంది గనుక దరఖాస్తు చేసే నాటిది చూసుకోవాలి.

ఆదాయం చాలినప్పుడు బ్యాంకులో ఎంతుందని చూపించనక్కరలేదు. చాలకపోతేనే ఆస్తి మాట వస్తుంది. అప్పుడు తక్కువపడిన సొమ్ముకు, పిలిపించేవాడు పౌరుడైతే, మూడు రెట్ల ఆస్తి చూపాలి. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడైతే అయిదు రెట్లు. ఉదాహరణకు పౌరుడైన అబ్బాయికి ఇరవై వేల డాలర్లు వస్తోందనుకోండి. తక్కువపడేది 6,437. దానికి మూడు రెట్లు 19,311 డాలర్లు. మన రూపాయల్లో పదహారు లక్షలు దాటుతుంది. కాబట్టి వియ్యంకుడుగారు చెప్పిన ఇరవై లక్షల మాట గాలిలోంచి ఊడిపడింది కాదు. అది చూసి నేనే కాస్త ఆశ్చర్యపోయాను.

అయితే దాని కింద ఇంకొక వాక్యం ఉంది. ఆ ఆస్తి అబ్బాయి పేరునే ఉండనక్కరలేదు. వెళ్ళబోయే అమ్మాయి ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. అప్పులు పోగా మిగిలినదై, ఏడాదిలోగా డబ్బుగా మార్చి అక్కడికి తీసుకుపోగలిగినదై ఉండాలి, అంతే. మరి చూపించడానికే అయితే అమ్మాయి పేర డిపాజిట్ వేసి చూపించవచ్చు గదా! అల్లుడి ఖాతాలోనే ఎందుకు పడాలి? ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివారి మనసేమిటో తేలిపోతుంది. పెళ్ళికి సంబంధించి ఇమ్మని అడిగేది పెళ్ళి తరువాత అడిగినా కట్నమేనని మన 1961 నాటి చట్టం చెబుతోంది. "చూపించడానికి" అని పేరు మార్చినంత మాత్రాన సరిపోదు.

ఈలోగా బాపట్లలో ఉన్న ఆ పిల్ల మేనమామ ఆవేశపడ్డాడు. "నాకు రొయ్యల చెరువులున్నాయి. పిల్లకు నేను హామీ ఉంటాను. ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అన్నాడు. పాపం మంచివాడే, కాని ఆ సంతకం అక్కడ చెల్లదు. రెండో హామీదారు అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారో అయి, ఆ దేశంలోనే నివాసముండాలి. బంధువు కానక్కరలేదు, స్నేహితుడైనా చాలు. అలా వేరేవారు తోడైనా భర్త సంతకం మాత్రం తప్పదు. ఇక పిల్లకు ఇక్కడ వచ్చే లెక్చరరు జీతం మాటంటారా, వెళ్ళాక ఆ జీతం ఆగిపోతుంది కదా, అది లెక్కకు రాదు.

నేను ఆవిడతో అన్నాను, "పొలం మాట వారం రోజులు ఆపండి. ముందు అమ్మాయిని అడగనివ్వండి. మీరూ వియ్యంకుడుగారూ కాదు, మొగుడూ పెళ్ళామూ మాట్లాడుకోవాలి" అని. తల్లి సందేహించింది. కొత్త కాపురం, మొగుణ్ణి జీతమెంత అని అడిగితే బాగుంటుందా అని. జీతం అడగడం మర్యాద కాకపోతే పొలం అమ్మమనడం మర్యాదా?

అమ్మాయి ఫోనులో అడిగింది. అవతల చాలాసేపు మాట లేదుట. చివరికి బయటపడింది. క్రిందటి సంవత్సరం అతను ఎనిమిది నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నాడు. పన్ను కాగితాల్లో ఆదాయం తక్కువ కనిపిస్తోంది. పెళ్ళివారికి చెప్పుకోలేక తండ్రితో మాత్రం చెప్పాడు. ఆయన తన లెక్క తాను వేసుకుని వియ్యాలవారిని అడిగారు. అప్పటికి అయిదు నెలలుగా అబ్బాయి కొత్త ఉద్యోగంలో ఉన్నాడు, జీతం కావలసినదానికంటె ఎక్కువే. ఆ ఫారములో ముఖ్యంగా అడిగేది ఇప్పటి ఆదాయమే. కిందటేడు పన్ను కాగితంతోపాటు యజమాని ఉత్తరం, జీతం రసీదులు జతపరిస్తే సరిపోతుంది. అరెకరం నిలిచింది. రేపల్లె పెద్దాయన మరునాడు స్వయంగా తెనాలి వచ్చి, కాఫీ పుచ్చుకుని, అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడి వెళ్ళారుట!

ఈ హామీపత్రం గురించి ఆడవాళ్ళం తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి మరొకటుంది. అది ఊరికే దాఖలు చేసే కాగితం కాదు, ఒప్పందం. భార్య అమెరికా పౌరురాలయ్యేదాకా, లేదా ఆమె ఖాతాలో నలభై త్రైమాసికాల పని, అంటే ఇంచుమించు పదేళ్ళ పని, జమయ్యేదాకా భర్త బాధ్యత పోదు. ఇద్దరిలో ఎవరైనా మరణించినా, ఆమె ఆ దేశాన్ని శాశ్వతంగా విడిచివచ్చినా ముగుస్తుంది. విడాకులతో మాత్రం ముగియదు! ఆమె ఆదాయం ఆ నూట ఇరవై అయిదు వంతులకు తక్కువపడితే లోటు భర్తీ చెయ్యమని కోర్టుకు వెళ్ళవచ్చు. "ఆమె ఉద్యోగం వెతుక్కోవడం లేదు" అని భర్త తప్పించుకోవడానికి వీల్లేదని 2012లో అక్కడి ఏడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. దావా వేసుకోవలసింది మాత్రం ఆమే. నెలనెలా ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

అలాగని అమెరికా వెళ్ళిన ప్రతి అమ్మాయికీ ఈ అండ ఉందనుకోకండి. మన పిల్లలు చాలామంది హెచ్-1 ఉద్యోగం చేసే భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళతారు. దానికి ఐ-864 లేదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుకు కూడా మామూలుగా ఉండదు. సంబంధం చూసేటప్పుడు "అబ్బాయి అమెరికా" అనుకుని సరిపెట్టుకోక, ఏ వీసా, మా పిల్ల దేని మీద వెళుతుంది అని అడగాలి. గోత్రం అడగడానికి మొహమాటపడం కదా!

ఇంగ్లండు లెక్క ఇంకా గట్టిది. 2012లో 18,600 పౌన్లుగా పెట్టిన ఆదాయపు హద్దును 2024 ఏప్రిల్ 11న 29,000 చేశారు. ఆదాయం లేకుండా నిల్వ మీదే వెళ్ళాలంటే 88,500 పౌన్లు ఆరు నెలలపాటు కదలకుండా ఉండాలి. కెనడాలో సాధారణంగా భార్యకు ఇంత ఆదాయం అన్న హద్దు లేదు గాని, మూడేళ్ళు పోషిస్తానని హామీ రాయాలి. అదీ విడాకులతో పోదు.

మా తెనాలి అమ్మాయి ఇప్పుడు ముంబయి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తోంది. భర్త సంతకం చేసిన కాగితాల నకలు ఒకటి అడిగి తెప్పించుకుంది. వాళ్ళమ్మ దాన్ని ఇనప్పెట్టెలో, అరెకరం పాసుపుస్తకం కింద పెట్టి తాళం వేసింది. అమ్మాయి వెళ్ళేటప్పుడు ఇంకొక నకలు తీసి తన సూట్‌కేసులో పెట్టుకోమని నేను చెప్పాను.