కూర్బే చెల్లింపని ఋణము
(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)

చిత్రకారునకు ప్రజావ్యవహారములతో నేమి పని యని పలువు రడుగుచుందురు. ఫ్రెంచి చిత్రకారుడగు గుస్తావ్ కూర్బే జీవితము దీనికి సమాధానము చెప్పగలదని తలచి, ఆయన చరిత్రమును మీ ముందుంచుచున్నాము.

కూర్బే 1819 జూన్ 10వ తేదీన ఆర్నాన్ అను చిన్న యూర కలిగిన రైతుకుటుంబమున జన్మించెను. ఆనాడు పెద్ద పటములన్న దేవతలకును, రాజులకును, యుద్ధవీరులకును మాత్రమే తగునని పెద్దల మతము. 1849లో నీతడు బాటప్రక్కను రాళ్లు గొట్టు ఇరువురు కూలివాండ్రను, చిరిగిన బట్టలతోనే, ఇంచుమించు నిలువెత్తున చిత్రించెను. పిమ్మట స్వగ్రామములోని యొక అంత్యక్రియను సుమారు 10 అడుగుల యెత్తు, 22 అడుగుల వెడల్పు గల పటమున వ్రాసెను. గ్రామస్థు లెట్లుందురో అట్లే వ్రాసెను. ఇది వికారమని పారిస్ రసికులు పలువురు నిందించిరి. 1855లో ప్రపంచ ప్రదర్శనమువారు ఈతని ముఖ్యపటములు కొన్నింటిని నిరాకరింపగా, ఆ చెంతనే వేరొక శాల గట్టి, దానికి వాస్తవికత యని పేరుపెట్టి, తన పటములను ప్రజలకు జూపెను. 1870లో చక్రవర్తి ప్రభుత్వ మొసగిన గౌరవచిహ్నమును బహిరంగముగా తిరస్కరించెను.

ఆ సెప్టెంబరులోనే సామ్రాజ్యము కూలెను. శత్రుసైన్యములు పారిస్‌పైకి వచ్చుచుండగా, చిత్రశాలలను కాపాడుటకు కళాకారులు సంఘముగా నేర్పడి కూర్బేను అధ్యక్షునిగా నెన్నుకొనిరి. నెపోలియను యుద్ధవిజయములకు గుర్తుగా వాండోం చౌకున నిలిచిన కంచుస్తంభమును విప్పివేయుడని ఆయన ప్రభుత్వమునకు విజ్ఞప్తి చేసిన దప్పుడే. ఈ సంగతిని మేము దాచము.

అయినను మేము న్యాయవాదులము గావున తేదీలను జూడుడని కోరుచున్నాము. స్తంభమును పడగొట్టవలెనని పారిస్ కమ్యూన్ శాసించినది 1871 ఏప్రిల్ 12. కూర్బే కమ్యూన్ సభ్యుడుగా నెన్నికైనది ఏప్రిల్ 16. స్తంభము కూలినది మే 16. కమ్యూన్ అణగిన పిమ్మట సైనిక న్యాయస్థానము ఆయనకు 6 నెలల ఖైదును, 500 ఫ్రాంకుల జుల్మానాను విధించెను. అంతటితో తృప్తి లేదు. స్తంభమును అతని సొమ్ముతోనే తిరిగి కట్టవలెనని 1873లో నిర్ణయించిరి. ఆయన స్విట్జర్లాండునకు వలసపోయెను. తుదకు తేలిన లెక్క 323,091 ఫ్రాంకుల 68 సెంటీములు. ఏటికి 10,000 చొప్పున 33 వాయిదాలు. అవి తీరునాటికి ఋణస్థునకు తొంబదియేండ్లు నిండును! తొలివాయిదా మరునాడనగా, 1877 డిసెంబరు 31న ఆయన ప్రవాసముననే కన్నుమూసెను.

స్తంభమును గూర్చి కూర్బే తలంపు సరియైనదని మేము వాదింపము. అదియు నొక శిల్పమే గదా యనువారి మాటలోను బలము గలదు. కాని పదుగురు చేసిన పనికి, పేరున్న యొక్కని మెడకే ఋణమంతయు తగిలించుట న్యాయమనిపించుకొనదు.

రాళ్లు గొట్టువారి పటము 1945లో యుద్ధాగ్నికి ఆహుతియైనది. అంత్యక్రియల పటము పారిస్‌లోని ఓర్సే చిత్రశాలయందున్నది. తిరిగి కట్టిన స్తంభమును నిలిచియే యున్నది. కూర్బే అస్థికలు 1919లో స్వగ్రామము చేరినవి.

సోదరులారా, సభలకు పందిరి నలంకరింపుమని చిత్రకారుని మనము పిలుచుచుందుము. ప్రజల పక్షమున నిలిచినందుకు అతనిపై అభియోగము వచ్చిననాడు, ఆ న్యాయస్థానమునకు మనలో నెందరము పోవుదుమో ఎవరికి వారు ఆలోచించుకొనవలయును. ఆ ఋణము మనది.