చచ్చిన గుర్రానికీ వెల

మన చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుడికి గుర్రాలంటే ప్రాణం. హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వెయ్యి వరహాలకు మూడు చొప్పున కొనేవాడట. ఓడలో చచ్చినదానికి తోక తెచ్చి చూపించినా పూర్తి ధర ముట్టజెప్పాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. బేరమంటే అదీ!

అటువంటి తూర్పు దేశపు మగ గుర్రాలతోనే తర్వాత ఇంగ్లండులో థరోబ్రెడ్ అనే పందెపు జాతి తయారైంది. వాటిలో డార్క్ బే రంగుది చూడముచ్చటగా ఉంటుంది: ఒళ్లంతా ముదురు గోధుమవన్నె, జూలు, తోక, కాళ్ల కింది భాగం నలుపు. 1935లో ఇటలీలో పుట్టిన నియార్కోదీ అలాంటి ముదురు ఛాయే. పరిగెత్తిన 14 పందేలూ గెలిచింది. 1964లో కెంటకీ డెర్బీ గెలిచిన నార్దర్న్ డాన్సర్ దాని మనవడే.

అయితే రంగు వేగాన్నివ్వదు. హైదరాబాదు మలక్‌పేట పందేలకు గుర్రాన్ని కొనేవాళ్లు ముందు వంశావళి, ఆపైన కాళ్లు చూస్తారు. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను నమోదు చేయరు. ఆడగుర్రాన్ని మగ గుర్రం దగ్గరికి తోలుకెళ్లాల్సిందే.