పండుగనాటి పువ్వులు – పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు జనవరి నెలాఖరు వరకు మన పల్లెలకు పువ్వుల కాలము. తెల్లవారకముందే ఇల్లాండ్రు వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు తీర్చి, ఆ ముగ్గు నడుమ గొబ్బెమ్మలనుంచి, వాటి తలపై గుమ్మడిపువ్వునో, బంతిపువ్వునో అలంకరింతురు. ముక్కోటి ఏకాదశికి దేవాలయమునకు, డిసెంబరు 25వ తేదీని క్రైస్తవ ప్రార్థనామందిరమునకు, సంక్రాంతికి ప్రతి గడపకు, జనవరి 26వ తేదీని పాఠశాలకు, పంచాయతీ కార్యాలయమునకు పువ్వులు కావలెను. పండుగ ఎవరిదైనను పువ్వు అందరిది.

ఇన్ని పువ్వులు ఎచ్చటినుండి వచ్చుచున్నవి? వాటి వెల ఎవరి చేతికి చేరుచున్నది? ఈ రెండు ప్రశ్నలను నేడు మీ ముందుంచ దలచితిమి.

మేము గ్రామములకు పోయినప్పుడు తరచుగా ఒక దృశ్యము కంటబడుచుండును. సభావేదికపై ప్లాస్టిక్ దండలు వ్రేలాడుచుండును. అతిథులకిచ్చు పుష్పగుచ్ఛములు మెరుగు కాగితములు చుట్టుకొని పట్టణమునుండి బస్సులో దిగును. అదే గ్రామపు పొలిమేరలో బంతితోట వేసిన రైతు, నిన్నటి ధర నేడు లేదని పువ్వులు కోయక చెట్టుననే విడిచియుండును. ఊరి సొమ్ము ఊరు దాటిపోవుచున్నది. ఊరి పువ్వు ఊరిలోనే వాడిపోవుచున్నది. ఈ నష్టమును కొంతవరకైనను తప్పించుట పంచాయతీ చేతిలోని పని.

మొదట పువ్వుల సంగతి చెప్పుకొందము. మన గొబ్బెమ్మ తలపై కూర్చున్న బంతి పుట్టినిల్లు మెక్సికో దేశము. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి రాకతో అది మన దేశమునకు వచ్చినది. గుమ్మడియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. చామంతిని చీనా దేశమువారు ఎంతో పూర్వమునుండి పెంచుచున్నారు. పరదేశమునుండి వచ్చినను ఇవన్నియు నేడు మన ఇంటి ఆడపడుచులే. కొత్త పంటను ఆదరించి తనదిగా చేసికొనుట మన రైతుకు తెలిసిన విద్య యని ఇందువలన తేలుచున్నది.

పండుగ పువ్వుకు కాలమే ప్రాణము. బంతి నారు పోసిన నెలకు నాటవచ్చును. నాటిన నెలన్నరకు కోత ఆరంభమై మరి నెలన్నర, రెండు నెలలు సాగును. కావున సంక్రాంతికి నిండుగా పూయవలెనన్న అక్టోబరు మొదటి వారములోగా నారు పోయవలెను. ముక్కోటికి, క్రిస్మసునకు కావలెనన్న మరి రెండు మూడు వారములు ముందుగా పోయవలెను. నాటిన నెలకు తలలు త్రుంచినచో పక్కకొమ్మలు పెరిగి పువ్వులు హెచ్చును. కాని మొదటి పూత కొన్ని దినములు వెనుకబడునని గుర్తుంచుకొనవలెను.

చామంతి స్వభావము వేరు. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే అది మొగ్గ తొడుగును. పగటి నిడివికిని పూతకును గల ఈ సంబంధమును 1920వ సంవత్సరమున అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అను శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిరి. ఈ సూత్రము తెలిసిన రైతులు కొందరు చామంతి తోటలో రాత్రివేళ దీపములు వెలిగించి, పూతను తమకు కావలసిన దినములకు జరుపుకొనుచున్నారు. ఇందు మీరు గమనింపదగిన విషయమొకటి కలదు. పంచాయతీ వీధిదీపము చామంతి మడిపై తెల్లవార్లు వెలుగుచుండినచో ఆ మొక్కలు ఆలస్యముగా పూయును. స్తంభము నాటించునప్పుడు పక్కనున్న తోట ఎవరిదో, అందేమి వేసిరో ఒక్కమాట అడుగుట మేలు.

బంతివలన మరియొక ఉపకారమున్నది. టమాటా తోటలో పదునారు సాళ్లకు ఒక సాలు బంతి వేయవలెనని శాస్త్రజ్ఞులు సలహా యిచ్చుచున్నారు. కాయతొలుచు పురుగు తల్లి బంతిపువ్వులకు ఆకర్షింపబడి వాటిపై గ్రుడ్లు పెట్టును. టమాటా కాయ చాలవరకు దక్కును. బంతి వేరునుండి వెలువడు పదార్థము నేలలోని నులిపురుగులను అణచును. కావున పండుగ ధర తగ్గినను పొలమునకు బంతి చేసిన మేలు మిగిలియుండును.

ఇక ధర మాట. పండుగకు ముందు రెండు దినములు పువ్వుకు గిరాకి; పండుగ మరునాడు అడుగువారుండరు. ఊరివారందరు ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, హైదరాబాదులోని గుడిమల్కాపురము వంటి పెద్ద బజారులకు ఒకే రాత్రి పంపినచో ధర ఎట్లు నిలుచును? దీనికి మార్గములు రెండు. మొదటిది, పదిపదునైదు దినముల యెడముతో మడులు విడదీసి నాటుట. రెండవది, విడిపువ్వును కిలోలెక్కన అమ్మివేయక, ఊరిలోనే దండగా, తోరణముగా, గుచ్ఛముగా కట్టి అమ్ముట. కూర్పునకు వచ్చు కూలి అప్పుడు గ్రామములోని మహిళా సంఘములకే దక్కును.

పుష్పగుచ్ఛము కట్టుట గొప్ప విద్య యేమియు కాదు. కాడ పొడవుగా నుంచి చామంతి, బంతి, సీతజడ పువ్వులను తెల్లవారుజామున కోయవలెను. కోసిన వెంటనే కాడలను నీటిలో నుంచవలెను. కాడ చివరను ఏటవాలుగా కోసినచో నీరు బాగుగా పీల్చును. నీటిలో మునుగు ఆకులను త్రుంచివేయవలెను. లేనిచో నీరు కుళ్లి పువ్వు త్వరగా వాడును. నడుమ నడుమ మరువము, దవనము చేర్చినచో సువాసన కలుగును. అరటినారతో కట్టి, అరటియాకు చుట్టినచో చూడ ముచ్చటగా నుండును. పిదప పెంటకుప్పలో వేసినను ఎరువగును. విడిపువ్వులను తడిగోనెపై నీడన ఆరబోసి, వెదురుగంపలలో పంపవలెను. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టిన పువ్వు ఉడికిపోవును.

సభ్యులారా! రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో వ్యవసాయముతోపాటు బజారులు, సంతలు కూడ పేర్కొనబడినవి. కావున ఈ క్రింది పనులను మీ పరిశీలనకు తెచ్చుచున్నాము.

ఒకటి: ఆగస్టు నెలలోనే గ్రామసభయందు పువ్వుల ప్రస్తావన తెండు. ఎవరు ఎంత వేయుదురో, ఎప్పుడు నాటుదురో ఒక పట్టిక వ్రాయించి నోటీసు పలకపై అంటించుడు.

రెండు: పంచాయతీ ఉత్సవములకు, సన్మానములకు కావలసిన పువ్వులను మొదట ఊరిలోని రైతులవద్ద, సంఘములవద్ద కొనవలెనని తీర్మానము చేయుడు.

మూడు: సంతలో పువ్వులమ్ము స్త్రీలకు ఎండ తగులని చోటును, నీటి వసతిని కల్పింపుడు. ఎండలో నిలిచిన పువ్వు వాడి వెల కోల్పోవును.

నాలుగు: 2022 జూలై 1వ తేదీనుండి అలంకరణమునకు థర్మకోలు వాడుట దేశమంతట నిషిద్ధము. ఈ నియమము మొదట మన వేదికపై అమలు జరుగవలెను.

అయిదు: పండుగ ముగిసిన పిదప వాడిన పువ్వులను చెరువులో పారవేయనీయక కంపోస్టు గుంటకు చేర్పింపుడు.

వీటిలో ఏ పనికిని పెద్ద పద్దు అక్కరలేదు. నెలకొకసారి జరుగు సమావేశమున అరగంట చర్చ, ఒక తీర్మానము, దానిని విడువక జరిపించు ఒక సభ్యుడు చాలును. సంక్రాంతినాడు పువ్వు కోసము పరుగెత్తుట అందరెరిగినదే. ఆ పరుగు ఫలము మన ఊరి రైతుకు, దండ గ్రుచ్చు తల్లికి దక్కవలెనన్న, నారు పోయువేళకే పంచాయతీ మేల్కొనవలెను. రాబోవు పండుగకు మీ వేదికపై మీ ఊరి బంతి, మీ ఊరి చామంతి కనుపించునని ఆశించుచున్నాము.