సీసా మీద లేని పేరు

(స్త్రీల శ్రమ, హక్కుల గురించి జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు వైన్ గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ళం, మనకు వైన్ గొడవ ఎందుకని ఒకరు అడిగారు కూడా. దాని రుచి గురించి నేను చెప్పబోవడం లేదు. ఆ సీసా మీద ఎవరి పేరు ఉంటుంది, ఎవరి పేరు ఉండదు అన్నదే నా విషయం.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి ఆగ్నేయంగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్ళి, సర్ లౌరీస్ కనుమ దాటితే ఎల్గిన్ లోయ వస్తుంది. చుట్టూ కొండలు, సముద్రం మీది నుంచి వచ్చే చల్లగాలి. అది ఆపిల్ తోటలకు పేరు పడ్డ చోటు. వైన్ ద్రాక్ష అక్కడ విస్తరించింది 1980ల తర్వాతే. చలికి కాయ నిదానంగా పండుతుంది, పులుపు నిలుస్తుంది. అందుకే ఎల్గిన్ వైన్‌కు గిరాకీ.

ఎర్ర వైన్‌లో ‘బ్లెండ్’ అంటే రెండు మూడు రకాల ద్రాక్షలతో చేసిన వైన్లను కలపడం. దీని వెనుక రైతు తెలివి ఉంది. చలి ఎక్కువైన ఏడు, ఆలస్యంగా పండే కాబెర్నే సావిన్యాన్ సరిగా పండకపోవచ్చు. ముందే పండే మెర్లో ఆ లోటు తీరుస్తుంది. ఒక రకం రంగునిస్తే మరొకటి మెత్తదనాన్నిస్తుంది. విడివిడిగా పులియబెట్టి, ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచి, పాళ్ళు చూసి కలుపుతారు. ఏ రకం ఎంత శాతమో, తోట ఎంత ఎత్తున ఉందో, ఏ ఏడాది కోతో చాలా సీసాల మీద అచ్చు వేస్తారు. ఆ గెలలను కోసిన మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

ఈ పేరు లేకపోవడం నిన్న మొన్నటిది కాదు. కేప్‌లో మొదటి వైన్ 1659లో తీశారు. డచ్చి కంపెనీ అక్కడికి మడగాస్కర్ నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, మన దేశం నుంచి బానిసలను తరలించింది. అలా వెళ్ళినవాళ్ళలో మన కోరమాండల్ తీరం వాళ్ళూ ఉన్నారు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు పోయాయి. కాగితాల్లో ‘కోరమాండల్ నుంచి వచ్చిన ఫలానా’ అని రాశారు. కొందరికి నెలల పేర్లే ఇంటిపేర్లయ్యాయి. సెప్టెంబర్, ఫిబ్రవరి అనే ఇంటిపేర్లు ఈనాటికీ అక్కడి కుటుంబాల్లో ఉన్నాయి.

1830లలో బానిసత్వం రద్దయింది. తోట యజమాని పెత్తనం రద్దు కాలేదు. కూలిలో కొంత భాగాన్ని వైన్ రూపంలో, రోజుకు అనేకసార్లు పోసే పద్ధతిని అక్కడ ‘డాప్’ అన్నారు. 1960లలో చట్టం దాన్ని నిషేధించినా, కొన్ని తోటల్లో 1990ల దాకా సాగింది. మగవాడిని తాగుడుతో తోటకు కట్టేస్తే, అతని దెబ్బలు తిన్నది ఆడది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తాగడం వల్ల బిడ్డకు వచ్చే వైకల్యం ప్రపంచంలో అతి ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో పశ్చిమ కేప్ ఒకటి. అప్పుడు అందరి వేలూ తల్లి వైపే చూపిస్తుంది. తరాల తరబడి కూలిగా మద్యం పోసిన చేతిని ఎవరూ అడగరు. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు ‘మా మగవాళ్ళు చెడ్డవాళ్ళు’ అని ఊరుకోకుండా, ఊరికి సారా తెచ్చి పోస్తున్నది ఎవరని అడిగారు. ఇక్కడ అడగవలసిందీ అదే ప్రశ్న.

ఇక ఇంటి సంగతి. తోట కూలీలు ఉండే ఇళ్ళు యజమానివి. ఇల్లు శాశ్వత ఉద్యోగం ఉన్నవాడికి, అంటే చాలావరకు మగవాడికి ఇస్తారు. భార్య ఆకు దూయడం, గెలలు పలచన చేయడం, కోత కోయడం అన్నీ చేస్తుంది. అయినా ఆమెది సీజన్ పని, ఇంట్లో ఆమె ‘అతని తాలూకు మనిషి’. అతని ఉద్యోగం పోయినా, అతను చనిపోయినా, కొట్టే మొగుణ్ణి ఆమె వదిలేయాలనుకున్నా పోయేది నెత్తిమీది కప్పే. ఎంతమంది ఈ భయంతో నోరు మూసుకుని బతికారో ఊహించండి.

1997లో తోటల్లో నివసించేవాళ్ళను ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకుండా ఒక చట్టం వచ్చింది. 1999లో భూమి వివాదాల ప్రత్యేక కోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఒకే తోటలో పని చేసేవాళ్ళు. భర్తను పనిలోంచి తీసేసి, ఇద్దరినీ ఖాళీ చేయమన్నారు. ఆమె కూడా కూలీయే కాబట్టి ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు సొంతంగా ఉందని కోర్టు తేల్చింది. అంతేకాదు, కుటుంబంతో కలిసి బతికే హక్కు ఆమెకుంది గనుక, భర్త ఆమె హక్కు మీద అక్కడ ఉండొచ్చంది. ఎప్పుడూ ఆమె అతని తాలూకు. ఆ తీర్పుతో ఒక్కసారి అతను ఆమె తాలూకు అయ్యాడు!

తీర్పు కాగితం దానంతట అది తోట గేటు దాటి లోపలికి పోదు. దాన్ని మోసుకెళ్ళే మనుషులు కావాలి. 2004లో సికులా సోంకే అనే కార్మిక సంఘం ఆడవాళ్ళ నాయకత్వంలో పుట్టింది. కూలి రేటుతో పాటు ఇంట్లో దెబ్బలు, తాగుడు, ఇళ్ళు ఖాళీ చేయించడం కూడా సంఘం విషయాలేనంది. 2012 నవంబరులో హెక్స్ నది లోయలోని తినే ద్రాక్ష తోటల్లో సమ్మె మొదలై, ప్రాంతమంతా పాకింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. రోజుకు 150 రాండ్లు అడిగితే, 69 ఉన్న కనీస కూలి 2013 మార్చి నుంచి 105 అయింది.

ఒక ఆడదాని పేరు సీసా మీదికి ఎక్కిన కథ కూడా ఉంది. న్త్సికి బియేలా క్వాజులు-నాటాల్ పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఇళ్ళల్లో పనిచేసింది. 1999లో స్కాలర్‌షిప్ మీద స్టెల్లెన్‌బోష్ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. పాఠాలు ఆమెకు రాని ఆఫ్రికాన్స్ భాషలో. 2004లో ఆ దేశంలో మొదటి నల్లజాతి మహిళా వైన్ తయారీదారు అయింది. తర్వాత సొంత సంస్థ పెట్టి దానికి అమ్మమ్మ పేరు అస్లీనా అని పెట్టింది. తన ఎర్ర బ్లెండ్‌కు ‘ఉమ్ససానె’ అని పేరు. జులు భాషలో అది గొడుగులా పరుచుకునే తుమ్మజాతి చెట్టు. అమ్మమ్మ ముద్దుపేరూ అదే.

నాకు సంతోషమే. కానీ ఒక అమ్మమ్మ పేరు సీసా మీదికి వచ్చినంత మాత్రాన, కోత కోసే వేల మంది పేర్లు ఇంటి కాగితం మీదికి రావు. ఆ రెండో పేరు కోసమే అసలు పోరాటం. మన దగ్గర కూడా నాట్లు, కలుపు, కోతలు ఆడవాళ్ళవి. పట్టా పాసుపుస్తకంలో పేరు ఎవరిది? ఈ రోజు ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళాక పెట్టె తెరిచి, ఇంటి కాగితం తీసి చూడండి. మీ పేరు లేకపోతే, ఎందుకు లేదో ఈ రాత్రే అడగండి.